గోమారి కుక్క మీద లేదు, కుక్క కింద వుంది

విజయవాడ ఆటోనగర్‌లో వానాకాలం ఎలా వుంటుందో మీలో ఎవరైనా చూశారా? లారీ బాడీలు కట్టే షెడ్ల ముందు నల్లని బురద, ఆ బురద నీళ్ళ మీద ఇంద్రధనుస్సులా తేలే డీజిలు రంగులు, ఒక మూల పాత టైర్ల గుట్ట, మరో మూల చెమ్మగిల్లిన రంపపు పొట్టు. అక్కడే ఎక్కడో, ఛాసిస్ కిందో చిరిగిన సీటు మీదో, ఒక కుక్క పడుకుని వుంటుంది. అది ఎవరిదీ కాదు, అందరిదీ. రాత్రి కాపలా కాస్తుంది, పగలు మెకానిక్కుల క్యారియర్లలో మిగిలినది తింటుంది. నాలుగు వానలు పడేసరికి మాత్రం నిద్ర మానేసి గోక్కోవడం మొదలుపెడుతుంది.

కిందటి వానాకాలం అలాంటి ఒక షెడ్డులో ఒక కుక్కను చూశాను. అసలు రంగు ఎరుపట. నేను చూసినప్పుడు మాత్రం నల్లగా, జిడ్డుగా నిగనిగలాడుతోంది. ఇదేమిటని అక్కడ పని నేర్చుకుంటున్న కుర్రవాణ్ణి అడిగాను. "గోమార్లండీ. కాలిన ఆయిలు పూశాం. రెండు రోజుల్లో అన్నీ చస్తాయి" అన్నాడు గర్వంగా. ఆ కుర్రవాడు చెడ్డవాడు కాడు. తన ఇడ్లీల్లో సగం ఆ కుక్కకు పెట్టేది అతనే. మేం మాట్లాడుకుంటున్నంత సేపూ కుక్క పక్కనే కూర్చుని తన కాలిని శ్రద్ధగా నాకుతోంది. పూసిన ఆయిలు ఎక్కడికి పోతోందో మాత్రం అతనికి తట్టలేదు.

ఈ కాలిన ఆయిలు వైద్యం మానాలని నా అభిప్రాయం. జాలి కొద్దీ చెబుతున్నాననుకోకండి. లెక్క ప్రకారం చూసినా అది పని చేసే వైద్యం కాదు. ఆ లెక్కే మీకు చెప్పబోతున్నాను.

ముందు ఒక పేరు సంగతి తేల్చుకుందాం. మనవాళ్ళు కుక్క మీద కనిపించే ప్రతి పురుగునూ గోమారి అనేస్తారు. నిజానికి అవి రెండు రకాలు. ఒకటి చర్మానికి కరుచుకుని, రక్తం తాగి ఆముదం గింజంత ఉబ్బుతుంది. దానికి ఎనిమిది కాళ్ళు. ఇది పిడుదు. (ఆముదం మొక్క శాస్త్రీయనామం రిసినస్. లాటిన్ భాషలో రిసినస్ అంటే పిడుదే! గింజ అలాగే వుంటుందని ఆ పేరు పెట్టారు.) రెండోది రెండు మూడు మిల్లీమీటర్ల పురుగు. పక్కల నుంచి నొక్కినట్టు పల్చగా వుండి, వెంట్రుకల మధ్య చేపలా జారిపోతుంది. పట్టుకోబోతే ఎగిరి దూకుతుంది. కాళ్ళు ఆరే. డాక్టర్లు దీన్ని ఫ్లీ అంటారు. నేను ఇక్కడ గోమారి అంటున్నది దీన్నే.

ఈ గోమారి గెంతు చూసి శాస్త్రజ్ఞులే ఆశ్చర్యపోయారు. కండరం ఎంత గట్టిదైనా అంత వేగంగా ముడుచుకోలేదు గదా, మరి ఇదెలా గెంతుతోంది? 1967లో బెనెట్-క్లార్క్, లూసీ అనే ఇద్దరు దీని గుట్టు విప్పారు. గోమారి ఒంట్లో రెసిలిన్ అనే రబ్బరు వంటి ప్రోటీను వుంది. కండరం నెమ్మదిగా దాన్ని నొక్కి పెడుతుంది, కొక్కెం పడుతుంది. కొక్కెం విడిపోగానే దాచిన శక్తి అంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. మీ ఉండేలు పని చేసేదీ ఇలాగే.

ఇంత గెంతగల పురుగు ఒక కుక్క మీద నుంచి ఇంకో కుక్క మీదికి గెంతుతూ తిరుగుతుందని అందరూ అనుకుంటారు. కానీ పెద్ద గోమారి ఒకసారి కుక్క మీదికి ఎక్కిందంటే మామూలుగా దిగదు. తిండీ అక్కడే, కాపురమూ అక్కడే. ఆడది రోజుకు 40, 50 దాకా గుడ్లు పెడుతుంది. పేను తన గుడ్డును వెంట్రుకకు అంటిస్తుంది, మీకు తెలుసు. గోమారి అంటించదు. దాని గుడ్లు ఉప్పురవ్వల్లా జారి, కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ రాలిపోతాయి. వాటితోపాటు నల్లటి నలుసులూ రాలతాయి. అవి ఎండిన రక్తంతో నిండిన గోమారి మలం. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగుకు, అంటే డింభకానికి, ఆ నలుసులే ఆహారం! తల్లి పైన కూర్చుని రక్తం తాగి, కింద వున్న పిల్లలకు వడ్డిస్తోందన్నమాట.

ఆ డింభకానికి వెలుతురంటే పడదు. గోనె మడతల్లోకి, నేల నెర్రెల్లోకి, పొట్టు అడుగుకు పోయి దాక్కుంటుంది. తరవాత చిన్న గూడు కట్టుకుని ప్యూపా అవుతుంది. గూటికి దుమ్మూ ఇసుకా అంటుకుని వుంటాయి కనుక పక్కనే వున్నా మీకు కనిపించదు. లోపల తయారైన గోమారి వెంటనే బయటికి రావాలని లేదు. నెలల తరబడి కదలకుండా కూర్చోగలదు. ఏదైనా జంతువు నడిచిన అదురు, దాని ఒంటి వేడి, దాని ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు తగిలాయా, చటుక్కున బయటపడుతుంది. చాలా రోజులు మూసి వుంచిన షెడ్డు తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే కాళ్ళకు గోమార్లు కుట్టేది ఇందుకే.

ఇప్పుడు లెక్క వెయ్యండి. ఒక చోట వున్న మొత్తం గోమారి సంతానాన్ని 100 అనుకుంటే, కుక్క ఒంటి మీద వుండే పెద్దవి సుమారు 5. తక్కిన 95 గుడ్లుగా, డింభకాలుగా, ప్యూపాలుగా నేలమీదా పక్కలోనూ వున్నాయి. కుక్కకు ఆయిలు పూసి మీరు చంపింది ఆ అయిదింటిలో కొన్నిటిని. పది రోజుల్లో మళ్ళీ ఎక్కడ నుంచి వచ్చాయని అడిగితే ఏం చెప్పాలి? అవి ఎక్కడికీ పోలేదు, కుక్క కిందనే వున్నాయి.

మరి ఎండాకాలంలో లేని బాధ వానల్లో ఎందుకు? దీనికీ సమాధానం నేలమీదే వుంది. డింభకం ఒళ్ళు చాలా సున్నితం. గాలిలో తేమ సగానికి తగ్గితే ఎండిపోతుంది. 35 డిగ్రీలు దాటిన వేడినీ తట్టుకోలేదు. రోహిణి కార్తెలో మన బెజవాడ ఎండ ఎలా వుంటుందో చెప్పాలా? ఆరుబయట పడ్డ డింభకాలను ఆ ఎండే చంపేస్తుంది. నీడలో, చెమ్మలో దాక్కున్న కొన్ని మాత్రం మిగులుతాయి. మృగశిర చల్లబడి, గాలిలో తేమ పెరిగేసరికి వాటికి పండగ. మూడు నాలుగు వారాల్లో గుడ్డు పెద్ద గోమారి అవుతుంది. పైగా వానకు కుక్క బయట తిరగదు, రోజంతా ఒకే చోట ముడుచుకుంటుంది. అంటే గుడ్లన్నీ ఒకే చోట రాలతాయి.

కళ్ళెదుట వున్నదాన్ని వదిలి వెనకాల చూడాలని నేర్పినవాడు ఒకడున్నాడు. 1890లలో మన దేశంలో ప్లేగు వచ్చి లక్షల మంది పోయారు. ఇళ్ళు సున్నం కొట్టారు, సామాన్లు తగలబెట్టారు, ఎలుకల్ని నిందించారు. 1898లో కరాచీలో పాల్-లూయీ సిమోండ్ అనే ఫ్రెంచి వైద్యుడు, రోగాన్ని ఎలుక నుంచి ఎలుకకు మోస్తున్నది దాని మీది గోమారి అని ప్రయోగం చేసి చూపించాడు. చాలా కాలం ఎవరూ నమ్మలేదు. అది ఎలుక గోమారి సంగతి, మన కుక్క గోమారికి ప్లేగు అంటగట్టి మిమ్మల్ని భయపెట్టను. అయితే కుక్క గోమారి కూడా ఊరికే పోయేది కాదు. అది ఒక రకం బద్దెపురుగు గుడ్లను మింగి వుంటుంది. ఆ గోమారిని కుక్క కొరికి మింగితే కుక్క కడుపులో, పసిపిల్లలు పొరపాటున మింగితే వాళ్ళ కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. రక్తం మాటో? 70 ఆడ గోమార్లు కలిసి రోజుకు సుమారు ఒక మిల్లీలీటరు తాగుతాయి. పెద్ద కుక్కకు అది లెక్కలోది కాదు. కళ్ళు తెరిచి వారమైన కుక్కపిల్లకు అది ప్రాణం మీదికి వచ్చే మాట. చిగుళ్ళు పాలిపోయిన కుక్కపిల్లను ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక కాలిన ఆయిలులో ఏముంది? ఇంజనులో వేల కిలోమీటర్లు తిరిగిన నూనె అది. అందులో మసి, అరిగిన లోహపు రజను, ఇంధనం కాలినప్పుడు పుట్టే రసాయనాలు వుంటాయి. వాటిలో కొన్ని కేన్సరు కలిగించేవి. చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థం అంటోంది. శుద్ధి చేసే అనుమతి వున్నవాళ్ళకే ఇవ్వాలంటోంది. నేలమీద పారబొయ్యకూడని దాన్ని ప్రాణి ఒంటి మీద పొయ్యవచ్చునా? మన చర్మం పైపొరలో పది పదిహేను వరసల కణాలుంటే కుక్కకు మూడు నుంచి అయిదు వరసలే. అది మనకంటే పల్చని చర్మం. ఆపైన కుక్క నాలుకే దాని తువ్వాలు. ఒంటికి పూసిందంతా కడుపులోకి పోతుంది. కిరసనాయిలూ అంతే. నాకితే ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది.

డెల్టా పల్లెల్లో మరో అలవాటు వుంది. చేనుకు కొట్టగా మిగిలిన పురుగుల మందు నీళ్ళలో కలిపి కుక్కకు పోస్తారు. ఆర్గానోఫాస్ఫేటు మందులు పురుగు నరాల్లో ఏ ఎంజైమును చెడగొడతాయో, అదే ఎంజైము కుక్క నరాల్లోనూ వుంది, మీ నరాల్లోనూ వుంది. చొంగ కారడం, వణుకు, మూర్ఛ వరసగా వస్తాయి. వెనకటికి గమాక్సిన్ పొడి చల్లేవాళ్ళు. ఆ బి.హెచ్.సి.ని మన ప్రభుత్వం 1997లో నిషేధించింది.

మీలో తెలివైనవాడొకడు లేచి, "వరిచేలో కొట్టే ఫిప్రోనిల్, కుక్క మెడ మీద వేసే చుక్కల మందులో కూడా వుంది గదండీ?" అనవచ్చు. నిజమే, వుంది. కానీ చుక్కల మందు ఇన్ని కిలోల కుక్కకు ఇన్ని చుక్కలని కొలిచి, చర్మానికి సరిపడే ద్రావకంలో కలిపినది. చేను మందు ఆకుకు అంటుకోవడానికి తయారైనది. మందుకూ విషానికీ మధ్య చాలాసార్లు వున్నది కొలత ఒక్కటే. ఇంకొక మాట. కుక్క మందు పిల్లికి వెయ్యకండి. పెర్మెత్రిన్ అనే మందును కుక్క తట్టుకుంటుంది, పిల్లి కాలేయం దాన్ని విరిచెయ్యలేదు. ఒక్క మోతాదుతో పిల్లి చచ్చిపోవచ్చు.

ఇంతకీ ఏం చెయ్యాలి? పక్కతో మొదలుపెట్టండి. కుక్క పడుకునే గోనెను వారానికొకసారి సలసల కాగే నీళ్ళలో వేసి తీసి, ఎండ కనిపించిన రోజున ఆరవెయ్యండి. పాత గోనె అయితే తీసేసి కొత్తది వెయ్యడమే మేలు. పొట్టూ చెత్తా ఊడ్చి సంచిలో మూట కట్టి దూరంగా పడెయ్యండి. ఊడ్చి గుమ్మం పక్కన పోస్తే చేసిందంతా వృథా. నేల నెర్రెలు సిమెంటుతో పూడ్చమని పెద్దవాళ్ళను అడగండి. పిడుదులకూ అదే విరుగుడు, ఎందుకంటే రక్తం తాగిన ఆడ పిడుదు కుక్కను వదిలి గోడ పగుళ్ళలోకి ఎక్కి వేల గుడ్లు పెడుతుంది. ఆ తరవాత కుక్క సంగతి. పేల దువ్వెనతో దువ్వి, దువ్వినప్పుడల్లా దువ్వెనను సబ్బునీళ్ళలో ముంచండి. మందు వాడవలసివస్తే కుక్క బరువు చెప్పి పశువైద్యుణ్ణి అడిగి వాడండి. ప్రభుత్వ పశువుల ఆసుపత్రులు వున్నాయి. గన్నవరంలో పశువైద్య కళాశాలే వుంది. వేపాకు నీళ్ళ స్నానం అంటారా? హాని లేదు, చేయించండి. దానితోనే గోమార్లు పోతాయని మాత్రం కూర్చోకండి.

వానకు తడిసిన కుక్కను అలాగే వదిలెయ్యడం కూడా తప్పే. పైవెంట్రుకలు ఆరినట్టు కనిపించినా అడుగున మెత్తటి బొచ్చులో చెమ్మ నిలుస్తుంది. అక్కడ బాక్టీరియా, ఫంగస్ పెరిగి చర్మం చీముపట్టి, కంపు కొడుతుంది. షెడ్లలో చేతులు తుడుచుకునే బనీను వేస్టు వుంటుంది గదా, దానిలో ఆయిలు అంటని శుభ్రమైన గుడ్డ తీసుకుని వేళ్ళ సందులూ, చెవి మడతలూ, మెడపట్టీ కిందా అద్ది తుడవండి. రుద్దితే వెంట్రుకలు చిక్కుపడతాయి. రోజూ బట్టల సబ్బు పెట్టి తోమకండి, చర్మంలో సహజంగా వుండే నూనె పోయి పొట్టు రేగుతుంది. వెంట్రుక అంటే ప్రోటీను. ఉత్తి చారన్నం తినే కుక్కకు బొచ్చు నిగనిగలాడదు, అప్పుడప్పుడు ఒక గుడ్డో చేప ముక్కో పడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయే, అలాంటి నీళ్ళలో ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పిరా అనే సూక్ష్మజీవి వుంటుంది. అది మనిషికీ కుక్కకూ కూడా సోకుతుంది. నిలవ నీళ్ళలో కుక్కను ఆడించకండి, మీరూ దిగకండి.

నా మాట నమ్మనక్కర లేదు, మీరే పరీక్ష చేసి చూడండి. కుక్కను తెల్లని గుడ్డ మీద నిలబెట్టి దువ్వండి. రాలిన నల్ల నలుసులను తడి కాగితం మీద వేసి ఒక నిమిషం ఆగండి. చుట్టూ ఎర్రటి మరక వస్తే అది రక్తం, గోమార్లు వున్నట్టే. రాకపోతే ఉత్త దుమ్ము.

రెండో పరీక్ష రాత్రి చెయ్యాలి. కుక్క మామూలుగా పడుకునే చోట, కుక్కను వేరే చోటికి మార్చి, వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి నాలుగు చుక్కల సబ్బు కలపండి. దానికి పైన, అందకుండా, చిన్న దీపం పెట్టండి. కరెంటు దీపమైతే నీళ్ళు తగలకుండా పెద్దవాళ్ళ చేత కట్టించండి. వెలుతురుకూ వేడికీ వచ్చిన గోమార్లు పళ్ళెంలోకి గెంతుతాయి. ఉత్త నీళ్ళయితే పైపొర వాటిని మోస్తుంది, సబ్బు ఆ పైపొర బిగువును తగ్గిస్తుంది గనుక మునిగిపోతాయి. పొద్దున్నే లెక్కపెట్టి తేదీ వేసి రాసుకోండి. కుక్క లేని చోట అన్ని గోమార్లు ఎక్కడ నుంచి వచ్చాయో ఆ కాగితమే చెబుతుంది. అలా పది రాత్రులు రాసిన కాగితాన్ని, ఆయిలు డబ్బా పట్టుకుని కుక్క వైపు వెళుతున్న మీ బాబాయికో అన్నయ్యకో చూపించండి.