రేవు గాలిలో మెట్ట బల్లి

వాడరేవులో సాయంత్రం ట్యూబ్‌లైటు వెలిగితే చాలు, గోడ మీదికి బల్లులు చేరతాయి. వాటిని ఎవరూ పిలవరు, ఎవరూ మేపరు. మాట మధ్యలో బల్లి పలికితే పెద్దవాళ్లు వేలితో మంచం పట్టె తట్టి 'సత్యం' అంటారు. మీద పడితే పంచాంగం తీసి ఏ భుజానికి ఏ ఫలమో చూసుకుంటారు. వీటికి దూరపు చుట్టమైన లెపర్డ్ గెక్కోను, అంటే చిరుతమచ్చల బల్లిని, డబ్బిచ్చి కొని గాజుపెట్టెలో పెంచే సరదా ఇప్పుడు నగరాల్లో కనిపిస్తోంది. దీనికి బల్లి శాస్త్రం పనిచేయదు. వేళ్ల కింద అంటుకునే పొరలు లేవు కాబట్టి గోడెక్కలేదు. గోడెక్కలేనిది నెత్తిన ఎలా పడుతుంది? ఇంటి బల్లికి లేని కనురెప్పలు దీనికున్నాయి. పురుగును చూసి తోక కొస ఆడించి, ఒక్క ఉదుటున పట్టేసి, తీరిగ్గా కళ్లు మూసి తెరుస్తుంది. ముచ్చటపడడంలో తప్పు లేదు.

తప్పంతా 'పెంచడం చాలా తేలిక' అన్న అమ్మకపు మాటలో ఉంది. సముద్రపు ఒడ్డున అది సగం నిజమే.

ఈ జీవి పుట్టిల్లు అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతంలోని రాళ్ల మెట్టలు. పెట్టెలో తేమ 30-40 శాతం ఉంటే దానికి సుఖం. మన దగ్గర జాడీలో ఉప్పు నీరు కారుతుంది, ఉతికిన లుంగీ సాయంత్రానికీ చెమ్మ వదలదు. అంత ఉక్కలో, గాలాడని పెట్టెలో పెడితే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. అలాగని పూర్తిగా పొడి పనికిరాదు. కుబుసం విడిచే రోజు దాని ఒళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. తడి నాచు పరిచిన చిన్న డబ్బాలో దూరి, పాత చర్మాన్ని నోటితో పట్టి చొక్కా విప్పినట్టు లాగి, లాగినదంతా మింగేస్తుంది. వేలి చివర పిసరంత మిగిలిందంటే దారం కట్టినట్టు బిగుసుకుని, ఆ వేలు ఎండి రాలిపోతుంది. మర్నాడు పొద్దున కాళ్లు నాలుగూ పరీక్షగా చూసే ఓపిక ఉండాలి.

పెట్టెలో పరవడానికి ఇసుక కావాలంటే గడప దాటితే ఉచితమే. కానీ తేవద్దు. పురుగుతో పాటు మింగిన ఇసుక పేగుల్లో అడ్డుపడుతుంది. నాపరాయి ముక్క చాలు, వేడిని కూడా నిలుపుకుంటుంది. పెట్టెలో ఒక పక్క 32 డిగ్రీల వెచ్చదనం, రెండో పక్క చల్లదనం ఉండాలి. ఆ వెచ్చదనం లేకపోతే తిన్నది అరగదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రాత్రి కరెంటు పోయి వేడి పలక చల్లారితే మేత మానేయడమే మందు. తోకలో దాచుకున్న కొవ్వుతో ఎదిగిన బల్లి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. మే నెలలో సమస్య తిరగబడుతుంది. 40 దాటిన మధ్యాహ్నం పెట్టెను చల్లబరచడమే పెద్ద పని.

మేత విషయంలో మరీ జాగ్రత్త. పొలం గట్టు మీద మిడతలు దొరుకుతాయి కదా అనిపిస్తుంది. మిరపకు, వరికి మందు కొట్టే ఊళ్లలో పట్టిన పురుగు పొట్టలో ఏముందో ఎవరికి తెలుసు? మిణుగురులైతే అసలే వద్దు, కొన్ని జాతుల్లో బల్లుల ప్రాణం తీసే విషముంది. తవుడు డబ్బాలో మీల్‌వార్మ్‌లను ఇంట్లోనే పెంచుకుని, కాల్షియం పొడి అద్ది పెట్టాలి. కాల్షియం, డి3 విటమిన్ తగ్గితే ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. గేదెకు జబ్బు చేస్తే చూసే డాక్టరు దొరుకుతాడు గానీ బల్లిని చూసేవారు అరుదు. బల్లిని పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, సాల్మొనెల్లా అంటుకోవచ్చు.

ఇంకో సంగతి. మన తూర్పు కనుమల్లోనూ ఈ కుటుంబం బల్లులున్నాయి. ఆంధ్ర, ఒడిశాల్లో తిరిగే ఒకదాన్ని జీషాన్ మీర్జా, చంద్రశేఖరుని జ్ఞానేశ్వర్ 2022లో యూబ్లెఫారిస్ పిక్టస్ పేరుతో కొత్త జాతిగా ప్రకటించారు. అంతకుముందు దాన్ని వేరే జాతి కిందే లెక్కేసేవారు. కొత్త జాతంటే శాస్త్రవేత్తకు సంబరం, వ్యాపారికి కొత్త సరుకు. అదృష్టమని నక్షత్ర తాబేలును తొట్టిలో దాచే ఇళ్లు మనకు కొత్త కాదు. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న ప్రాణిని దాచడం నేరమని వాళ్లకు చెప్పేవారే కరువు. కొండలో పట్టిన బల్లిని ఎంత చౌకగా ఇచ్చినా కొనకూడదు. పెంపకంలో పుట్టినదేనా అని అడిగి, కాగితం చూసి, అనుమానముంటే ముందే అటవీ శాఖ వారిని అడగాలి.

చివరగా ఆయుష్షు లెక్క. బాగా చూసుకుంటే ఈ బల్లి 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. ఆరో తరగతి పిల్లాడు అడిగాడని ఈ ఏడాది కొంటే, వాడు చదువు ముగించి ఉద్యోగానికి హైదరాబాదు వెళ్లాక కూడా తవుడు డబ్బాలో పురుగులు ఏరాల్సింది వాడరేవులో ఉన్న వాళ్లమ్మే.