వెనకనుంచి తోసే బరువు

మే నెలాఖరులో మెమోరియల్ డేతో అమెరికాలో సరస్సుల రోజులు మొదలవుతాయి. సెప్టెంబరులో లేబర్ డే దాకా వారాంతం వస్తే చాలు, రోడ్ల మీద పడవల వరస కనిపిస్తుంది. డాలస్‌కు దగ్గర్లో లూయిస్‌విల్, టెక్సోమా. ఆస్టిన్ పక్కన ట్రావిస్. అట్లాంటాకు ఉత్తరాన లేనియర్. ఈ సరస్సుల చుట్టుపక్కల ఫ్రిస్కో, కమ్మింగ్ లాంటి ఊళ్లలో వేల తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. పడవ అద్దెకు తీసుకుని ఒక పూట తిరిగి రావడంతో సరిపెట్టుకున్నవాళ్లలో కొందరు ఇప్పుడు సొంత పడవ కొంటున్నారు. పడవ కొన్నాక దాన్ని లాగడానికి పికప్ ట్రక్కు కావాలి. అక్కడే పాత చర్చ మొదలవుతుంది: పెట్రోలు ఇంజనా, డీజిలా?

ఈ చర్చ దాదాపు ఎప్పుడూ లాగే శక్తి చుట్టూనే తిరుగుతుంది. ఎంత టార్క్, ఎన్ని వేల పౌండ్లు, ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుందా లేదా. ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం లాగలేకపోవడం కాదు. ఇంజను బలం చాలకపోతే బండి నెమ్మదిస్తుంది, వెనకవాళ్లు హారన్ కొడతారు, అంతకు మించి ఏమీ కాదు. వెనక ఉన్న మూడు టన్నుల బరువు ఆగాల్సిన చోట ఆగకపోయినా, వంకరగా ఊగడం మొదలుపెట్టినా, ఏ ఇంజను ఉన్నా దాన్ని సరిదిద్దలేదు. డీజిల్ కొన్నాం కాబట్టి క్షేమంగా ఉన్నామనే నమ్మకం ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతోంది.

ముందు ఇంజన్ల సంగతి. ఇరవై ఏళ్ల కిందట బరువు లాగాలంటే డీజిలే అన్న మాటలో నిజం ఉండేది. ఇవాళ అర టన్ను తరగతిలో, అంటే కుటుంబాలు ఎక్కువగా కొనే 1500, ఎఫ్-150 రకం ట్రక్కుల్లో, ఆ మాట నిలవదు. ఫోర్డ్ 3.5 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను 500 పౌండ్-అడుగుల టార్క్ ఇస్తుంది. షెవర్లే 3 లీటర్ల డీజిల్ ఇచ్చేది 495. ఈ తరగతిలో ఫోర్డ్ 2021తో డీజిల్‌ను మానేసింది, రామ్ 2023లో మానేసింది. ముప్పావు టన్ను, టన్ను తరగతుల్లో తేడా ఇంకా పెద్దదే. ఫోర్డ్ సూపర్ డ్యూటీలో ఎక్కువ శక్తి గల డీజిల్ 1,200 పౌండ్-అడుగులు ఇస్తుంటే, 7.3 లీటర్ల పెట్రోలు ఇంజను 500 దాటదు. కొలరాడోలో 11,000 అడుగులకు పైన ఉన్న ఐజెన్‌హోవర్ సొరంగం దాకా బరువైన పడవను ఎక్కించేవాళ్లకు ఈ తేడా అక్కరకొస్తుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి, టర్బో లేని పెట్రోలు ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. ఫ్రిస్కో నుంచి లూయిస్‌విల్ సరస్సుకు వెళ్లేవాడికి ఈ లెక్కతో పని లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే లాగుడు సామర్థ్యాన్ని ఎస్‌ఏఈ జె2807 అనే ప్రమాణం ప్రకారం కొలుస్తారు. అరిజోనాలోని డేవిస్ డామ్ దగ్గరి పొడవైన ఎత్తును ఎండ వేడిలో, ఏసీ వేసుకుని ఎక్కగలగాలన్నది అందులో ఒక పరీక్ష. పరీక్ష మంచిదే, కఠినమైనదే. కానీ అందులో ట్రక్కు లోపల ఉంటారని లెక్కవేసేది ఇద్దరిని మాత్రమే, ఒక్కొక్కరు 150 పౌండ్లు. పిల్లలు, ఇండియా నుంచి వేసవికి వచ్చిన అమ్మానాన్నలు, ఐసు పెట్టె, బిర్యానీ డబ్బాలు, లైఫ్ జాకెట్లు ఆ లెక్కలో లేవు. 13,000 పౌండ్లు లాగుతుందని రాసి ఉన్న బండి మన కుటుంబంతో, మన సామానుతో అంత లాగుతుందని అనుకోవడం పొరపాటు.

మనకు కావలసిన అంకె డ్రైవరు తలుపు తెరిస్తే అంచున స్టిక్కరు మీద ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించరాదని కిలోల్లో, పౌండ్లలో రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. ఒక్కో బండికీ అది వేరుగా ఉంటుంది. ఒకే మోడల్లో తోలు సీట్లు, అద్దాల పైకప్పు ఉన్న బండికి తక్కువ, సాదా బండికి ఎక్కువ. ట్రైలరు ముందు భాగం ట్రక్కు మీద మోపే బరువు కూడా ఇందులోంచే పోతుంది.

లెక్క వేసి చూద్దాం. వెనక పెద్ద అలలు లేపే ఇరవై మూడు అడుగుల వేక్ బోటు ఖాళీగానే 5,000 పౌండ్లు దాటుతుంది. ట్రైలరు, ఇంధనం, సామాను కలిస్తే 7,500. అందులో పదో వంతు ట్రక్కు మీద పడిందనుకుంటే 750 పౌండ్లు. అయిదుగురు మనుషులు సుమారు 700. తిండి, తాళ్లు, ట్రైలరును తగిలించే ఇనప సామగ్రి మరో 150. మొత్తం 1,600. హంగులన్నీ ఉన్న అర టన్ను ట్రక్కు తలుపు మీద 1,500 చుట్టూ అంకె కనబడటం మామూలే. 13,000 లాగగలదన్న బండి 7,500 పౌండ్ల పడవతోనే పరిమితి దాటేసింది.

డీజిల్ ఈ లెక్కను ఇంకా కఠినం చేస్తుంది. డీజిల్ ఇంజను కొన్ని వందల పౌండ్లు ఎక్కువ బరువుంటుంది. ఆ బరువంతా పేలోడ్‌లోంచే పోతుంది. ముప్పావు టన్ను ట్రక్కుల్లో చాలావాటిని బండి, మనుషులు, సామాను కలిపిన మొత్తం బరువు 10,000 పౌండ్లు మించకుండా తయారు చేస్తారు, అది దాటితే బండి పై తరగతిలోకి వెళ్లిపోతుంది. అలాంటి బండిలో డీజిల్ పెట్టించుకుంటే అదే బండి పెట్రోలు రకం కంటే తక్కువ మోయగలుగుతుంది. ఎక్కువ డబ్బు పెట్టి, ఎక్కువ లాగే బండి కొని, తక్కువ మోసే బండితో ఇంటికి రావడం అంటే ఇదే. డీలర్లలో ఈ సంగతి తమంతట తాము చెప్పేవాళ్లు తక్కువ.

బరువు ఎక్కడ పడిందన్నది ఇంకో ప్రమాదం. మన ఊళ్లలో ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు: బస్తాలు వెనక్కి సర్దితే నొగలు పైకి లేస్తాయి, కాడి ఎద్దుల మెడ మీద నిలవదు. పడవ ట్రైలరు కూడా అంతే. ముందు భాగం మరీ తేలికైతే వేగం అందుకోగానే తోక ఊగినట్టు అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. పడవలో ఇంజను వెనక ఉంటుంది, వెనక పెట్టెల్లో సామాను నింపుతారు, బరువు కోసం నింపిన ట్యాంకుల్లో నీళ్లు వదలడం మరిచిపోతారు. ఒక గ్యాలన్ నీళ్లు 8 పౌండ్లకు పైనే. ఊగడం మొదలైనప్పుడు బ్రేకు మీద గట్టిగా తొక్కకూడదు, ఊపు తప్పించాలని వేగం పెంచనూ కూడదు. స్టీరింగు తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి.

మామూలు ట్రైలర్లకైతే డ్రైవరు చేతి దగ్గర ఒక మీట ఉంటుంది, దానితో ట్రైలరు బ్రేకులు మాత్రమే వేయవచ్చు. పడవ ట్రైలర్లు నీళ్లలో మునుగుతాయి కాబట్టి వాటికి ఎక్కువగా సర్జ్ బ్రేకులే పెడతారు. ట్రక్కు వేగం తగ్గగానే ట్రైలరు ముందుకు తోస్తుంది, ఆ తోపుతోనే బ్రేకులు పడతాయి. అంటే అవసరమైన క్షణంలో డ్రైవరు ట్రైలరును విడిగా ఆపలేడు. డీజిల్ ట్రక్కులకు ఉండే, ఇంజనుతోనే వేగాన్ని అదుపు చేసే ఎగ్జాస్ట్ బ్రేకు దిగుడులో గొప్ప వరమే, కాదనలేం. కానీ సర్జ్ బ్రేకులున్న పడవను పొడవాటి దిగుడులో ఎగ్జాస్ట్ బ్రేకుతో దించితే, ట్రైలరు అదేపనిగా ట్రక్కును తోస్తూ, దాని బ్రేకులు అదేపనిగా పడుతూ వేడెక్కే ప్రమాదం ఉంది. మధ్యమధ్యలో పక్కకు తీసి ఆపి చక్రాలు చల్లారనివ్వాలి.

బ్రేకులు లేని ట్రైలర్లూ రోడ్ల మీద ఉన్నాయి. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటని ట్రైలరుకు చట్టం బ్రేకులు అడగదు. రెండు వేల కిలోల బరువును ట్రక్కు బ్రేకులే మోయాలి. అడగకపోయినా పెట్టించుకోవాలన్నదే మా మాట. వేగం సంగతి కూడా చెప్పాలి. గంటకు 55 మైళ్ల నుంచి 65కి వెళితే పెరిగింది పది మైళ్లే అనిపిస్తుంది, ఆపాల్సిన శక్తి మాత్రం 40 శాతం పెరుగుతుంది. ట్రైలరు టైర్లలో కొన్నిటికి 65 మైళ్లే హద్దు. అలాంటి టైర్లతో టెక్సస్ హైవేల మీద 75, 80 వేగంతో దూసుకుపోయే పడవలు ఈ హద్దు దాటినవే.

డీజిల్ కొన్నవాళ్లు తెలుసుకోవలసినవి ఇంకా ఉన్నాయి. పొగలోని మసిని పట్టే వడపోత తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు పొగ గొట్టం వైపు వేడి విపరీతంగా పెరుగుతుంది. ఆగస్టు ఎండల్లో సరస్సు ఒడ్డున ఎండుగడ్డి మీద ఏ బండీ నిలపకూడదు, వడపోత శుభ్రమయ్యే సమయంలో డీజిల్ బండి అస్సలు నిలపకూడదు. ఏడాదిలో కొన్ని వారాంతాలు మాత్రమే పడవ లాగి, మిగతా రోజులు పిల్లల్ని బడికి దించి కిరాణా తెచ్చుకునే బండికి ఆ వడపోత సరిగ్గా వేడెక్కదు, మూసుకుపోతుంది. బాగుచేయడానికి ఖర్చు వేలల్లో ఉంటుంది. అప్పుడే ఎవరో ఒకరు ఆ వడపోత పీకేయించమని సలహా ఇస్తారు. అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం. పదేళ్లలో అయిదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్పుల కాలుష్య నియంత్రణ పరికరాలను ఇలా తొలగించారని అమెరికా పర్యావరణ సంస్థ 2020లో తేల్చింది. డీజిల్ పొగ మనిషికి కాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే ప్రకటించింది. పడవను నీళ్లలోకి దించే ర్యాంపు దగ్గర ఇంజను ఆపకుండా ఉంచితే ఆ పొగ పక్కనే మన పిల్లలు నిలబడి ఉంటారు.

ర్యాంపు గురించి గట్టిగానే చెప్పాలి. నాచు పట్టిన వాలు మీద పడవను దించుతూ ట్రక్కే నీళ్లలోకి జారిపోవడం అరుదైన సంగతి కాదు. ఆ సమయంలో బండిలో డ్రైవరు తప్ప ఎవరూ ఉండకూడదు. వృద్ధులను, పిల్లలను ముందే దించేయాలి. కిటికీ అద్దాలు దించి ఉంచాలి. దిగేముందు పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాల కింద అడ్డు పెట్టాలి. మన కుటుంబాల్లో ఈత రానివాళ్లు ఎక్కువ. అందుకే ఈ జాగ్రత్త మనకు మరీ ముఖ్యం.

ఇక ఏది కొనాలన్న ప్రశ్నకు మా తీర్పు ఇది. ట్రైలరుతో కలిపి 6,000 పౌండ్లు దాటని పడవకు, చదునైన నేల మీద, అప్పుడప్పుడు లాగేవాళ్లకు పెట్రోలు పికప్ చాలు. బరువు అంతకు మించితే ఇంజను గురించి ఆలోచించే ముందు పై తరగతి ట్రక్కు గురించి ఆలోచించాలి. ముప్పావు టన్ను పెట్రోలు బండి అర టన్ను డీజిల్ కంటే క్షేమం. దాని చట్రం, ఇరుసులు, బ్రేకులు ఆ బరువు కోసం కట్టినవి. పెద్ద బండిలో సుమారు పది వేల డాలర్లు అదనంగా పెట్టి డీజిల్ తీసుకోవలసింది, బరువైన పడవను కొండల మీదుగా తరచూ దూరాలకు లాగేవాళ్లు మాత్రమే.

కొనే రోజున డీలరు దగ్గర సంతకం పెట్టకముందే మీరు కొంటున్న అదే బండి తలుపు తెరిచి స్టిక్కరు మీది అంకె రాసుకోండి. ఇంట్లోవాళ్ల బరువు, సామాను బరువు, ట్రైలరుతో సహా పడవ బరువులో పదో వంతు కలిపి దాంతో పోల్చండి. ఇప్పటికే పడవ ఉన్నవాళ్లు ఈ సీజన్ మొదటి ప్రయాణానికి ముందు పెద్ద లారీలు ఆగే ట్రక్ స్టాపులో కాటా మీద బండినీ పడవనూ తూకం వేయించండి. కొద్ది డాలర్ల పని. అంకె ఎక్కువ వస్తే ఆ వారం పడవను ఇంటి దగ్గరే ఉంచండి.