మన్నికే ముప్పన్న అబద్ధం

ఏ ఫోను, ఏ ఉపకరణం ఎంత తేలిగ్గా రిపేరవుతుందో చెప్పే రిపేరబిలిటీ ఇండెక్స్‌పై భరత్ ఖేరా కమిటీ 2025 మేలో కేంద్రానికి నివేదిక ఇచ్చింది. మార్కులు వేసే పనిని మాత్రం తయారీ కంపెనీలకే వదిలేసింది. రాసినవాడే పేపరు దిద్దుకుంటే ఆ మార్కులకు విలువేముంటుంది? ఈపాటి షరతు కూడా వద్దనడానికి వ్యాపార వర్గాలు ఎప్పటినుంచో చెప్పే మాట ఒకటుంది: వస్తువులు ఏళ్ల తరబడి మన్నితే గిరాకీ పడిపోతుందని, ఫ్యాక్టరీలు మూతపడతాయని, ఉద్యోగాలు పోతాయని. ఇది పచ్చి అబద్ధం.

1924లో జెనీవాలో ఓస్రామ్, ఫిలిప్స్ వంటి బల్బుల కంపెనీలు ఫీబస్ కార్టెల్‌గా కుమ్మక్కయ్యాయి. 1500 నుంచి 2000 గంటలు వెలుగుతున్న బల్బు ఆయుష్షును 1000 గంటలకు కుదించాయి. అంతకు మించి వెలిగే బల్బు చేసిన సభ్య కంపెనీకి జరిమానా వేశాయి. జనం అడగని వస్తువును ఆపడానికి జరిమానాలు అక్కర్లేదు. పోటీ ఉంటే గట్టి బల్బే గెలుస్తుందని తెలిసే ఆ పని చేశాయి.

రుజువు మన ఇళ్లలోనే వెలుగుతోంది. వెయ్యి గంటలకు మాడిపోయే ఫిలమెంట్ బల్బు స్థానంలోకి దాదాపు 25 వేల గంటలు వెలిగే ఎల్‌ఈడీ వచ్చింది. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. మన్నితే గిరాకీ పడిపోతుందన్న వాదనే నిజమైతే బల్బుల పరిశ్రమ కుప్పకూలాలి. కానీ ఎల్‌ఈడీల ఉత్పత్తి పెరిగింది. 2014లో 310 రూపాయలున్న సేకరణ ధర 2016కల్లా 38 రూపాయలకు దిగింది.

ఫ్రిజ్ మరో అయిదేళ్లు నడిస్తే ఆ ఇంట్లో మిగిలిన డబ్బు ఎక్కడికీ పోదు. పిల్లల బట్టలకో, ఇంటి సున్నానికో ఖర్చవుతుంది. అదీ గిరాకీయే. మిక్సీ కప్లింగ్ అరిగితే సందు చివరి షాపులో పది నిమిషాల్లో మారుస్తారు. అందుకని మిక్సీల కంపెనీలేమీ మునిగిపోలేదు. అదే ఫోను బ్యాటరీనైతే జిగురుతో అతికిస్తున్నారు, హీట్ గన్‌తో కాచి పెకలిస్తే తప్ప ఊడదు. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లో ఆ పని చేసే కుర్రాడికి పనితనం ఉంది, కావాల్సింది అసలైన విడిభాగం. అతనిది మాత్రం ఉద్యోగం కాదా?

కొత్త ఫ్రిజ్‌లు కరెంటు తక్కువ కాలుస్తాయన్నది నిజమే. కానీ పాతవాటికి విడిభాగాలు ఇవ్వకపోవడానికి అది కారణం కాదు.

ఫ్రాన్స్ 2021 జనవరి నుంచే ఇలాంటి మార్కులను తప్పనిసరి చేసింది. ఫోను మోడల్ అమ్మకం ఆగాక కూడా ఏడేళ్లు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలన్న యూరోపియన్ యూనియన్ నిబంధన 2025 జూన్ నుంచి అమల్లో ఉంది. అక్కడి కొనుగోలుదారుకు దక్కిన హక్కు ఇక్కడివారికి ఎందుకు దక్కకూడదు? కేంద్రం ఇండెక్స్‌ను చట్టబద్ధం చేయాలి. మార్కులను స్వతంత్ర సంస్థతో తనిఖీ చేయించాలి. విడిభాగాల ధర, అవి ఎన్నేళ్లు దొరుకుతాయన్న హామీ డబ్బా మీదే అచ్చు వేయించాలి.