సంత గుర్రానికి ఒక పక్కే బరువా?

పాడేరు: రోడ్డు వేయని కొండ ఊళ్లకు నేటికీ గుర్రమే దిక్కు. పాడేరు, చింతపల్లి వైపు కొండలమీది గిరిజనులు పసుపు, మిరియాలు, చింతపండు గుర్రంమీద వేసుకుని వారపు సంతకు దిగుతారు. తిరుగు దారిలో ఉప్పు, నూనె, బియ్యం ఎక్కుతాయి. సరుకు లేనినాడు యజమానే ఎక్కుతాడు. అటువంటి గుర్రం కుంటిదైతే ఆ బరువంతా ఇంటిల్లిపాది నెత్తికెక్కుతుంది. అయినా మోటారు సైకిలు టైరుపై ఉన్న శ్రద్ధ గుర్రం గిట్టపై కానరాకపోవడం శోచనీయం.

దేశంలో 2012 పశుగణనలో 6 లక్షలకు పైగా ఉన్న గుర్రాలు, తట్టువలు 2019 నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. ఉన్నవాటినైనా నిలుపుకోవాలి కదా.

గుర్రాన్ని చదును నేలపై నాలుగు కాళ్లూ సమంగా నిలబెట్టి వెనుకనుంచి చూస్తే సంగతి బయటపడుతుంది. ఒక భుజం నిండుగా, రెండోది గుంటపడి ఉంటుంది. ముందరి గిట్టల్లో ఒకటి పరుచుకుని, రెండోది నిటారుగా ఉంటుంది. కారణాలు చిన్నవే. గోతాం ఒక పక్కకు బరువుగా కట్టడం, ఎప్పుడూ ఎడమవైపునుంచే ఎక్కడం, జీను ఒరిగిపోయినా సరిచేయకపోవడం. పిల్లగా ఉన్నప్పుడు మేసేటప్పుడు ఎప్పుడూ ఒకే కాలు ముందుకు చాపే అలవాటు ఉన్నా గిట్టలు ఇలా తేడాగా పెరుగుతాయి.

కండ తగ్గిందని చాలామంది ఉలవలు పెంచుతారు. ఉలవలకు ఏ భుజానికి వెళ్లాలో ఎవరు చెప్పాలి? పని సరిగా చేయిస్తేనే కండ సరైన చోట పడుతుంది.

ముందుగా కుంటుందో లేదో చూడాలి. గట్టి నేలపై నెమ్మదిగా పరుగెత్తిస్తే, నొప్పి ఉన్న ముందరికాలు నేలకు ఆనినప్పుడు తల పైకెత్తుతుంది. అలా ఎత్తితే కసరత్తు మాట కట్టిపెట్టి పశువైద్యుడికి చూపాలి.

కుంటు లేకపోతే గిట్టతో మొదలుపెట్టాలి. గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముందువైపు పైఅంచునుంచి నేలదాకా కొత్త గిట్ట రావడానికి ఏడాది దాకా పడుతుంది. కనుక నిటారు గిట్టను ఒక్కరోజులో కోసి రెండోదానికి సమం చేయాలనుకోవడం తెలివితక్కువ పని. అలా చేస్తే వెనుక నరాలు పట్టేస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కొద్దికొద్దిగా ఆకురాయి పట్టించాలి.

తరువాత నడక. మొదటి రెండు మూడు వారాలు మోత, సవారీ లేకుండా రోజూ 20 నిమిషాలు చదును నేలపై చేత్తో పట్టి నడిపించాలి. పెద్ద చుట్లు రెండు వైపులా తిప్పాలి. బలహీనమైన వైపు తక్కువసేపు, ఎక్కువసార్లు తిప్పాలి గాని, అటే గంటసేపు తిప్పితే అలిసిపోయి మళ్లీ బలమైన వైపే ఒరుగుతుంది. ఆ పైన మెల్లని ఎత్తు ఎక్కించాలి. ఎత్తును నిదానంగా ఎక్కితే పిరుదులకు బలం వస్తుంది. కొండజనానికి ఆ ఎత్తుకు కొదవలేదు! దిగేటప్పుడు తొందర పెట్టరాదు. మార్పు కంటికి ఆనడానికి నెలలు పడుతుంది.

జీను కింద గుంటపడిన వైపు కంబళి ఒక మడత వేస్తే ఒరగకుండా ఉంటుంది. కండ పెరిగేకొద్దీ ఆ మడత తీసేయాలి. ఎక్కేటప్పుడు బండమీదనుంచి ఎక్కడం, ఒకసారి కుడినుంచి, ఒకసారి ఎడమనుంచి ఎక్కడం మంచిది.

మోత విషయంలో చట్టమే ఉంది. 1965 నాటి నిబంధనల ప్రకారం తట్టువపై 70 కిలోలకు మించి వేయరాదు. దాన్ని రెండు పక్కలా సమంగా తూచి కట్టమని చెప్పడానికి చట్టం అక్కరలేదు, సంతలోని త్రాసు చాలు.

యజమానులను తప్పుపట్టడం తేలికే గాని, గిట్ట చెక్కే మనిషి కొండమీద దొరకడు. మైదానంలో జట్కాలు పోవడంతో లాడాలు కొట్టేవారూ అరుదైపోయారు. పశుసంవర్ధక శాఖ వారు మండలానికి ఇద్దరు గిరిజన యువకులకు ఈ పని నేర్పించి, కత్తి, ఆకురాయి ఇప్పించాలి. గుర్రాలన్నీ ఒకచోట చేరేది సంతరోజునే. గుర్రాలు కట్టేచోటే నెలకొకసారి గిట్టలు చూసే ఏర్పాటు వానలకు ముందే మొదలుకావాలి. బురదలో గిట్ట అడుగు మెత్తబడి కుళ్లడం మొదలయ్యాక చెక్కడానికి మిగిలేది ఉండదు.