పాత ఇల్లు కొనే ఉద్యోగికి అడ్వాన్సు ఎందుకు నిరాకరిస్తారు?



మనం నడుపుతున్న రైళ్ళ బరువును మోస్తున్న పట్టాలలో అత్యధిక భాగం భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారైనవే. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఆ కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ దాని మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. 1960లో పట్టాల మిల్లు పనిచేయసాగింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వేలాది తెలుగు కుటుంబాలు పొట్ట చేతబట్టుకొని అక్కడికి తరలి వెళ్ళాయి. కొందరు కొలిమి దగ్గర చేరారు, కొందరు చరోదాలోని భిలాయి మార్షలింగ్ యార్డులో చేరారు. వారు స్వగ్రామాలకు పంపిన ఉత్తరాలను, మనియార్డర్లను ఇంటింటికీ చేర్చినది మన తపాలా సోదరులే.

ఆ ఊరు కట్టి ఆరు దశాబ్దాలు దాటింది. నాటి ఇండ్లు నేడు ముసలివయ్యాయి. ఆ ఇండ్ల మధ్య పుట్టి పెరిగి, ఉద్యోగం చేసి, పదవీ విరమణకు చేరువైన మన సోదరుడు స్తోమతకు తగిన ఇల్లు కొనుక్కోవాలంటే అతనికి అందుబాటులో ఉన్నది ఇటువంటి పాత ఇల్లే. సరిగ్గా ఆ ఇంటికే కేంద్ర ప్రభుత్వం అడ్వాన్సు ఇవ్వనంటున్నది. ఈ అన్యాయాన్ని మన సభ్యుల దృష్టికి తేవటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నియమం ఏమంటున్నది?

ఏడవ వేతన సంఘం సిఫార్సుల అనంతరం 2017లో గృహనిర్మాణ అడ్వాన్సు నియమాలను సవరించారు. మూలవేతనానికి 34 రెట్లు లేదా 25 లక్షల రూపాయలు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది గరిష్ఠ పరిమితి. వడ్డీ సాధారణ వడ్డీ. ముందు అసలు 180 వాయిదాలలోనూ, ఆ తరువాత వడ్డీ 60 వాయిదాలలోనూ వసూలు చేస్తారు. ఇంతవరకు నియమం మేలైనదే. దానిని సాధించినది ఉద్యోగుల ఐక్యతే కాని ప్రభువుల దయ కాదు.

అయితే కొనుగోలు విషయానికి వచ్చేసరికి నియమం స్వరం మారుతుంది. అడ్వాన్సు కొత్తగా కట్టి సిద్ధంగా ఉన్న ఇంటికే లభిస్తుంది. దానిని హౌసింగ్ బోర్డుల నుండి గాని, అభివృద్ధి సంస్థల నుండి గాని, రిజిస్టరైన బిల్డర్ల నుండి గాని కొనవచ్చును. ప్రైవేటు వ్యక్తుల నుండి మాత్రం కొనరాదు. అనగా నిన్నటివరకు పక్క క్వార్టరులో కాపురమున్న సహోద్యోగి తన స్వంత ఇంటిని న్యాయమైన ధరకు మనకు అమ్మజూపినా అడ్వాన్సు రాదు. అదే సొమ్ముతో ఊరి చివర బిల్డరు కట్టిన గూడు కొంటే వస్తుంది! ఉద్యోగి పేరిట మంజూరయ్యే అడ్వాన్సు చివరకు ఎవరి గల్లాపెట్టెలో పడాలో నియమమే నిర్ణయిస్తున్నదన్న మాట.

ఇక మరమ్మతు సంగతి చూద్దాము. ఉన్న ఇంటికి ఒక గది పెంచుకొనటానికి 10 లక్షల వరకు అడ్వాన్సు ఉన్నది. కాని ఉన్న గది కప్పు కూలకుండా కాపాడుకొనటానికి లేదు. వాననీటికి స్లాబు ఉరుస్తున్నా, పెచ్చులూడి చువ్వలు బయటపడుతున్నా నియమానికి పట్టదు. విస్తరణ అవసరమట, రక్షణ అనవసరమట! ఇది ఎక్కడి తర్కమో ఏలినవారే చెప్పాలి.

34 రెట్లకు ఏ ఇల్లు వస్తుంది?

లెక్క వేసి చూద్దాము. 18,000 రూపాయల మూలవేతనంతో చేరిన ట్రాక్ కార్మికునికి 34 రెట్లు అంటే 6,12,000 రూపాయలు. 21,700 మూలవేతనం గల పోస్ట్‌మన్‌కు 7,37,800 రూపాయలు. 35,400 మూలవేతనం గల ఉద్యోగికి 12,03,600 రూపాయలు. పాతిక లక్షల పరిమితి కాగితం మీద కనుల పండువుగా ఉన్నది, కాని క్రింది తరగతుల ఉద్యోగి దాని దరిదాపులకైనా పోలేడు. అతడు ఈ సొమ్ముతో బిల్డరు గడప తొక్కలేడు. చరోదా, సుపేలా వంటి పేటలలో పాత ఇంటి బేరమైతే చేయగలడేమో! నియమం ఆ ఒక్క తలుపునూ మూసివేసింది. కొత్త ఇంటికి చాలనంత సొమ్ము ఇచ్చి, పాత ఇంటికి వాడరాదనటం వెక్కిరింత కాక మరేమిటి?

2004 జనవరి 1 తరువాత చేరినవారి గతి మరీ అన్యాయం. పాత పెన్షను కలిగినవారికి భవిష్యనిధి ఉన్నది. ఇల్లు కొనటానికి, పునర్నిర్మాణానికి, పూర్వీకుల ఇంటిని బాగుచేసుకొనటానికి వారు ఆ నిధి నుండి సొమ్ము తీసుకొనవచ్చును. అంటే ఇల్లు బాగుచేసుకొనటం న్యాయమైన అవసరమేనని ప్రభుత్వ నియమాలే ఒకచోట అంగీకరిస్తున్నాయి. కాని కొత్త పెన్షను పథకంలోనివారికి ఆ నిధి లేదు. వారు తమ స్వంత చందాలో 25 శాతం మించి తీయరాదు. పిత్రార్జితం కాక మరొక ఇల్లు ఉన్నవారికి గృహావసరం పేరిట ఆ మాత్రమూ లేదు. ఇల్లు కొన్న మరునాటి నుండి దాని మరమ్మతుకు తమ డబ్బే తమకు పనికిరాదు.

భిలాయిలో మూడు రకాల ఇండ్లు

భిలాయిలో పాత ఇల్లు కొనదలచినవాడు ముందుగా తెలుసుకొనవలసినది ఒకటున్నది. అక్కడ అన్ని గోడలూ ఒకే రకమైన హక్కు మీద నిలబడలేదు.

మొదటివి టౌన్‌షిప్ సెక్టార్లలోని ఇండ్లు. ఈ శతాబ్ది తొలి సంవత్సరాలలో స్టీల్ అథారిటీ కొన్ని ఇండ్లను తన ఉద్యోగులకు, మాజీ ఉద్యోగులకు దీర్ఘకాలిక లీజుకు ఇచ్చింది. లీజు అంటే నివాస హక్కే కాని నేల మీద యాజమాన్యం కాదు. లీజు షరతులు చదవకుండా అటువంటి ఇంటి మీద జీవితకాలపు పొదుపును వెచ్చించటం ఇసుకలో పునాది తీయటమే.

రెండవవి పట్టా ఇండ్లు. 1984లో నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం పట్టణాలలోని భూమిలేని పేదలకు వారు కాపురమున్న స్థలాల మీద పట్టాలిచ్చే చట్టం చేసింది. శ్రామికుల పేటలకు అది ఊరట కలిగించింది. అయితే పట్టా ఇచ్చినది ఉండే హక్కును, స్వేచ్ఛగా అమ్ముకొనే హక్కును కాదు. అయినప్పటికీ స్టాంపు కాగితం మీద నలుగురి సంతకాలతో ఇటువంటి ఇండ్లు చేతులు మారటం శ్రామికుల పేటలన్నిటా చూస్తున్నదే.

మూడవవి రిజిస్టరైన దస్తావేజు కలిగిన స్వంత ఇండ్లు. నిర్భయంగా కొనదగినవి ఇవే. అయినా లింకు దస్తావేజులు, ఋణభార పత్రం, పన్ను రశీదులు చూడనిదే బయానా ఇవ్వరాదు.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద జరిగే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ లాంప్ కేసులో స్పష్టం చేసింది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరైన దస్తావేజు ఉండి తీరాలి. ఈ విషయాలు తెలిసినవారు మనలో కొద్దిమందే. సక్రమమైన కొనుగోలుకు అడ్వాన్సు దొరికితే శాఖ దస్తావేజులను పరిశీలిస్తుంది, ఇల్లు తనఖా పెట్టుకుంటుంది, మోసం ముందే బయటపడుతుంది. అడ్వాన్సు దొరకనివాడు చీటీపాటలకు, వడ్డీ వ్యాపారులకు, స్టాంపు కాగితాలకు దిగజారుతాడు. కాబట్టి ఈ నియమం మోసాన్ని అరికట్టటం లేదు, మోసగాని వద్దకు దారి చూపుతున్నది.

ముసలి ఇంటి రోగాలు

పాత ఇల్లు చౌక అన్నది సగం నిజమే. మిగిలిన సగం తాపీ మేస్త్రీ చెబుతాడు. కాంక్రీటులోకి దశాబ్దాల తరబడి గాలి, చెమ్మ చొరబడగా లోపలి చువ్వలు తుప్పుపడతాయి. తుప్పు ఉబ్బి స్లాబు అడుగున పెచ్చులూడుతుంది. పైన సిమెంటు పూత పూసి సున్నం కొట్టినంత మాత్రాన ఆ రోగం మానదు. పుచ్చిన కాంక్రీటు తొలగించి, చువ్వలు శుభ్రపరచి, చాలనిచోట కొత్తవి కట్టి, ఆ తరువాతనే పూత వేయాలి. ఛత్తీస్‌గఢ్‌లో ‘కన్హార్’ అని పిలిచే నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొనిపోతుంది. ఆ నేలలో పునాది లోతు చాలని ఇంటికి కిటికీ మూలల నుండి ఏటవాలుగా బీటలు వారుతాయి. నీటి గొట్టాలు లోపల తుప్పుతో పూడుకొనిపోయి ఉంటాయి. పాత వైరింగుకు ఎర్తింగు ఉండదు. తలుపుల చట్రాలలో చెదలు కాపురముంటాయి.

ఇవి కొన్న తరువాత కనబడే ఖర్చులు. కొత్త ఫ్లాటు కొన్నవానికి 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం అయిదేళ్ళపాటు నిర్మాణ లోపాలను బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలని రక్షణ కల్పించింది. పాత ఇల్లు కొన్నవానికి అటువంటి రక్షణ ఏదీ లేదు. మామూలు శ్రద్ధతో కనుగొనలేని లోపాలు అమ్మేవానికి తెలిసి ఉంటే వెల్లడించాలని ఆస్తి బదలాయింపు చట్టం అంటున్నది. ఆ మాట రుజువు చేయటానికి కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక రాత్రి డ్యూటీ దిగి వచ్చిన పాయింట్స్‌మన్‌కు ఎక్కడిది? రక్షణ తక్కువైనచోటనే ప్రభుత్వ సహాయం ఎక్కువ ఉండవలసింది. ఇక్కడ రెండూ లేవు.

వారి వాదన, మన సమాధానం

పాత ఇంటి విలువ కట్టటం కష్టమని, ప్రైవేటు వ్యక్తులు కుమ్మక్కై ధర పెంచి చూపుతారని, ఇల్లు తనఖాకు చాలదని అధికారులు అనవచ్చును. ఈ భయాలు పూర్తిగా నిరాధారమని మేము అనము. దొంగ ధరలు వేసేవారు లేకపోలేదు. కాని ఇదే ప్రభుత్వానికి చెందిన జాతీయ బ్యాంకులు ప్రతిదినం పాత ఇండ్లకు ఋణాలిస్తున్నాయి. న్యాయవాది అభిప్రాయం, వాల్యుయర్ నివేదిక తీసుకొని తనఖా పెట్టుకుంటున్నాయి. ప్రభుత్వ బ్యాంకుకు పనికివచ్చిన తనఖా ప్రభుత్వ శాఖకు ఎందుకు పనికిరాదు? జీతంలోనే వాయిదా పట్టుకొనే అధికారం ఉన్న శాఖకు బ్యాంకుకు లేని భయమా?

పైగా రైల్వేకు స్వంత ఇంజనీరింగు విభాగం ఉన్నది. తపాలా శాఖకు సివిల్ విభాగం ఉన్నది. వంతెనలను, కార్యాలయ భవనాలను తనిఖీ చేయగల ఇంజనీర్లు రెండు గదుల ఇంటిని తనిఖీ చేయలేరా?

మనలోనూ కొందరు మిత్రులు, ఇల్లు వ్యక్తిగత విషయమని, యూనియన్లు జీతం, పెన్షను, ఖాళీల భర్తీ కోసమే పోరాడాలని అంటారు. మా మనవి ఒక్కటే. క్వార్టరు ఖాళీ చేయనిదే గ్రాట్యుటీ పూర్తిగా చేతికందదు. ఇల్లు కొననిదే క్వార్టరు ఖాళీ చేయలేడు. గ్రాట్యుటీ అందనిదే ఇల్లు కొనలేడు. ముప్పై అయిదేళ్ళ సేవ తరువాత ఉద్యోగిని ఈ గానుగకు కట్టటం వ్యక్తిగత విషయం ఎలా అవుతుంది?

మన కోర్కెలు

2025లో ఎనిమిదవ వేతన సంఘం ఏర్పాటైంది. పరిమితి పెంచమని అడగటంతో సరిపెట్టుకొనక, నియమం మూలాన్నే మార్చమని ఈ క్రింది కోర్కెలను ప్రతి శాఖా సమావేశం తీర్మానించాలని విజ్ఞప్తి చేస్తున్నాము.

1. కొనుగోలు అడ్వాన్సు నియమంలో ‘కొత్త’ అన్న షరతును, ప్రైవేటు వ్యక్తుల నుండి కొనరాదన్న నిషేధాన్ని తొలగించాలి. స్పష్టమైన రిజిస్టర్డ్ హక్కు, వాల్యుయర్ నివేదిక ఉంటే చాలు.

2. విస్తరణతో నిమిత్తం లేకుండా కప్పు, గోడలు, గొట్టాలు, వైరింగు మరమ్మతులకు ప్రత్యేక అడ్వాన్సు ఇవ్వాలి.

3. 2004 తరువాత చేరినవారికి ఇంటి మరమ్మతు నిమిత్తం తమ చందా సొమ్మును తీసుకొనే హక్కు ఉండాలి.

4. కొనుగోలుకు ముందు శాఖ ఇంజనీరు చేత ఉచిత తనిఖీ చేయించాలి.

5. ఈ నియమాల వెలుపలనే నిలబెట్టిన గ్రామీణ డాక్ సేవకులకు గృహ అడ్వాన్సు వర్తింపజేయాలి.

ప్రభుత్వం కదిలేవరకు మనం చేతులు ముడుచుకొని కూర్చోరాదు. ప్రతి శాఖలోనూ దస్తావేజులు చదవగల ఒక న్యాయవాదిని, ఇల్లు చూడగల ఒక విశ్రాంత ఇంజనీరును సభ్యులకు అందుబాటులో ఉంచాలి. బయానా ఇచ్చిన తరువాత యూనియన్ ఆఫీసుకు రావటం కాదు, ఇవ్వకముందే రావాలి.

భిలాయి నేల మనకొక పాఠం నేర్పింది. ‘సంఘర్షణ, నిర్మాణం’ అన్న రెండు మాటలను జోడించి కార్మికోద్యమం నడిపిన శంకర్ గుహ నియోగిని 1991 సెప్టెంబరు 28న అక్కడి హడ్కో కాలనీలోని ఇంటిలో నిద్రిస్తుండగా కాల్చి చంపారు. ఆయన నాయకత్వంలో గని కార్మికులు దల్లీ రాజహరాలో తమ చేతులతో కట్టుకొన్న షహీద్ ఆసుపత్రి 1983లో ప్రారంభమైంది. 1992 జూలై 1న పవర్ హౌస్ స్టేషను వద్ద పట్టాల మీద బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఆ పట్టాలు మనవి, ఆ రక్తమూ మనదే. అడగటంతో పాటు కట్టటం కూడా సంఘం పనేనని ఆ కార్మికులు చూపించారు.

మన కోర్కె పెద్ద భవంతి కాదు. మన జీతంతో కొనగలిగిన పాత ఇంటి కప్పు మన పిల్లల మీద కూలకుండా నిలబెట్టుకొనే హక్కు. ఆ హక్కు సాధించేవరకు ఐక్యంగా నిలుద్దాము!