తట్టి చూశాకే అడుగు!

గోదావరిఖనిలో సైరన్ మోగుతుంది. టోపీకి క్యాప్‌ల్యాంపు తగిలించుకుని కార్మికులు బొగ్గుబాయి దిగుతారు. దిగీదిగగానే పని మొదలుపెట్టేయరు. మైనింగ్ సర్దార్ పనిచోటును పరీక్షించాలి. చేతికర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. ఖంగుమని మోగితే గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగితే ఎక్కడో పొర వదులైనట్టు. మీథేన్ వాయువు చేరిందేమో కూడా చూస్తాడు. చూసిందంతా రిజిస్టరులో రాసి సంతకం పెడతాడు. ‘నిన్ననే చూశాం కదా’ అంటే అక్కడ కుదరదు. నిన్న నిలిచిన కప్పు ఇవాళా నిలుస్తుందని హామీ ఏముంది!

సాఫ్ట్‌వేర్‌లోనూ అచ్చం ఇలాంటి పనే ఒకటుంది. దానిపేరు ఆటోమేటెడ్ టెస్టింగ్. సింగరేణి క్వార్టర్లలో పెరిగి, ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఫోన్లో ‘టెస్టులు రాస్తున్నా నాన్నా’ అంటే ‘ఉద్యోగం వచ్చాక ఇంకా పరీక్షలేందిరా’ అని ఆశ్చర్యపోయే తండ్రులుంటారు. ఆ పరీక్షలు కొడుక్కి కాదు, కొడుకు తయారుచేసిన ప్రోగ్రాముకి!

పేజీకి ముస్తాబు

ఇంటర్నెట్‌లో ఏ పేజీ తెరిచినా శీర్షిక పెద్దగా, వార్త చిన్నగా, లింకులు రంగులో కనిపిస్తాయి. ఏది ఎలా కనిపించాలో చెప్పే ఫైలే స్టైల్‌షీట్. 1994లో హోకోన్ వియుమ్ లీ అనే నార్వే నిపుణుడు ఈ ఆలోచనను ప్రతిపాదిస్తే, 1996 డిసెంబరులో తొలి ప్రమాణం వెలువడింది.

మనిషి రాసిన స్టైల్‌షీట్ చాలాసార్లు ఉన్నదున్నట్టుగా మన తెర దాకా రాదు. సీహెచ్‌పీలో బొగ్గు బెల్టు మీద వెళ్తూ ఒకచోట నలిగి, ఒకచోట జల్లెడపడినట్టే... దారిలో కొన్ని చిన్న ప్రోగ్రాములు దాన్ని మారుస్తాయి. ఒకటి పాత బ్రౌజర్లకు కావాల్సిన మాటలు చేరుస్తుంది. మరొకటి అక్కర్లేని ఖాళీలు తీసేసి ఫైలు బరువు తగ్గిస్తుంది. వీటినే ప్లగిన్లు అంటారు. 2013లో ఆండ్రీ సిట్నిక్ రూపొందించిన పోస్ట్‌సీఎస్‌ఎస్ ఇలాంటి ప్లగిన్లను వరసగా తగిలించుకునే వేదిక.

చిక్కేమిటంటే, ప్లగిన్ తప్పు చేసినా పేజీ మామూలుగానే తెరుచుకోవచ్చు. ఏ మూలో ఒక అక్షరం చెదురుతుంది, ఒక బొత్తాం కనిపించకుండా పోతుంది. అది ఎన్ని వెబ్‌సైట్లలో వాడుతుంటే అన్నిచోట్లా అదే తప్పు!

ఇది ఇస్తే... అది రావాలి

అందుకే టెస్టులు. ‘ఈ స్టైల్‌షీట్ ఇస్తే ప్లగిన్ నుంచి సరిగ్గా ఇలాంటిది బయటికి రావాలి’ అని ముందే రాసిపెడతారు. వచ్చిందానికీ రావాల్సిందానికీ కంప్యూటరే పోలిక చూస్తుంది. ఒక్క చుక్క తేడా ఉన్నా ఎర్రజెండా ఊపుతుంది. మంచి టెస్టులు నాలుగు సంగతులు చూస్తాయి. మార్చాల్సింది మార్చిందా? ముట్టుకోకూడనిదాన్ని వదిలేసిందా? ఒకసారి మార్చిన ఫైలునే మళ్లీ ఇస్తే ఇంకేమీ మార్చకుండా ఊరుకుందా? తప్పుల తడక ఇస్తే, ఫలానా వరసలో తప్పుందని హెచ్చరించిందా?

ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చినా ఈ పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచీ జరుగుతాయి. మనిషికైతే విసుగొస్తుంది. కంప్యూటరుకు రాదు.

ఒకసారి దొరికిన తప్పుకు వెంటనే ఒక టెస్టు రాసిపెట్టడం ఇక్కడ ముఖ్యమైన అలవాటు. ఆ తప్పు మళ్లీ వస్తే అప్పటికప్పుడే దొరికిపోతుంది. గనులు నేర్పిన పాఠమూ ఇదే. 1812లో ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ గనిలో పేలుడుకు 92 మంది బలయ్యారు. మూడేళ్లకు, 1815లో హంఫ్రీ డేవీ రక్షణ దీపం వచ్చింది. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. స్టైల్‌షీట్ తప్పితే ప్రాణాలు పోవు, ఆ రెంటికీ పోలికే లేదు. కానీ జరిగిన తప్పును కాగితం మీద పెట్టి, దాన్ని రోజూ గుర్తుచేసుకునే క్రమశిక్షణ మాత్రం ఒకటే.

ఫోన్లను పడగొట్టిన అక్షరం

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా వార్తలకెక్కింది. ‘జ్ఞా’ అక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేరి మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో ఆ యాప్ కుప్పకూలేది. ఆ నెల 19న యాపిల్ సంస్థ దిద్దుబాటు విడుదల చేసింది. అది స్టైల్‌షీట్ తప్పు కాదు, అక్షరాలను తెరమీద పేర్చే ప్రోగ్రాములోది. అయినా పాఠం అందరికీ ఒకటే. పరీక్షించే నమూనాల్లో లేని అక్షరం, తట్టి చూడని పైకప్పు లాంటిది.

ప్లగిన్లకూ ఇది వర్తిస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’ తర్వాత కంటికి కనిపించని గుర్తు ఉంటుంది. ఫైలు బరువు తగ్గించే ప్లగిన్ దాన్ని చెత్తనుకుని ఊడ్చేస్తే, ‘వే’ కాస్తా కిందికి దిగి ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. ఇంకోటి... యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన స్థానాలు 128. వాటిని ఆనుకునే కన్నడానికి మరో 128. ఫాంటు ఏ స్థానాలకు వర్తిస్తుందో స్టైల్‌షీట్‌లో రాస్తారు. ప్లగిన్ దాన్ని కురచ చేయబోయి రెంటినీ కలిపేసిందనుకోండి. కన్నడం మాత్రమే ఉన్న పేజీ తెరిచినా తెలుగు ఫాంటు ఫైలు డౌన్‌లోడ్ కావచ్చు. డేటా దండగ! ప్లగిన్ రాసిన విదేశీ నిపుణుడికి ఇవన్నీ తట్టకపోవచ్చు. తెలుగు తెలిసినవాళ్లు రెండు వరసల టెస్టు రాసి పంపిస్తే, ఆ తర్వాత ఎవరు ఏం మార్చినా మన అక్షరానికి కాపలా ఉన్నట్టే. పోస్ట్‌సీఎస్‌ఎస్ లాంటివి అందరికీ తెరిచి ఉంచిన ప్రోగ్రాములు. ఎవరైనా రాసి పంపొచ్చు.

ఒక్క జాగ్రత్త. టెస్టు తప్పిందని ఎర్రజెండా వచ్చినప్పుడు, కారణం వెతక్కుండా ‘రావాల్సింది ఇదే’ అని జవాబునే మార్చేయడం చాలా తేలిక. ఒక్క మీట నొక్కితే అయిపోతుంది. గనిలో పనిచోటు దాకా వెళ్లకుండానే రిజిస్టరులో సంతకం పెట్టడం ఎలాంటిదో, ఇదీ అలాంటిదే. ఆ సంతకం విలువేమిటో కొడుకు కన్నా, బాయి దిగి వచ్చిన తండ్రికే బాగా తెలుసు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ‘టెస్టులన్నీ పాసయ్యాయి నాన్నా’ అంటే, ‘తట్టి చూశావా, సంతకమే పెట్టావా?’ అని ఆయన అడగొచ్చు.