పాట మనది, కాగితం ఎవరిది?

ఈ వార్షికోత్సవ సంచికకు చదువుల గురించో పోటీ పరీక్షల గురించో రాసిమ్మని సంపాదక వర్గంలోని తమ్ముళ్లు అడిగారు. వాటి గురించి ఏటా ఎవరో ఒక అన్న రాస్తూనే ఉన్నాడు. అందుకే మేము ఈసారి పాట గురించి, పాట మీద వచ్చే డబ్బు గురించి రాస్తున్నాం. అందుకు ఎంచుకున్న మనిషి మన జిల్లావాడు కాదు, మన దేశంవాడు కూడా కాదు. లండన్ నగరంలో తూర్పు పేటల్లో పుట్టి పెరిగిన లయొనెల్ బార్ట్. రంగస్థలం మీద ఆడే సంగీత నాటకాలకు పాటలు రాసి, బాణీలు తనే కట్టినవాడు.

మిత్రులారా, ఆలివర్ ట్విస్ట్ కథ మనలో చాలామందికి తెలుసు. చార్లెస్ డికెన్స్ 1837 నుంచి 1839 దాకా పత్రికలో సీరియల్‌గా రాసిన నవల. దిక్కులేని పిల్లల్ని, పేదల్ని ఒకచోట పెట్టి, పని చేయించుకుని, గంజి పోసే ఇళ్లు ఆ రోజుల్లో ఇంగ్లండులో ఉండేవి. అటువంటి చోట ఒక పిల్లవాడు గిన్నె పట్టుకుని వెళ్లి ఇంకొంచెం పెట్టమని అడుగుతాడు. అడిగినందుకు అక్కడి పెద్దలందరికీ కళ్లు తిరుగుతాయి. ఈ సీను మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్లేటు, గ్లాసు పట్టుకుని లైన్లో నిలబడి, ముందున్నవాడి ప్లేటులో పప్పు ఎంత పడిందో, అందులో నీళ్లెన్ని ఉన్నాయో తొంగిచూసిన వాళ్లమే మనమంతా.

బార్ట్ ఈ నవలను నాటకం చేస్తూ తొలి పాటను ఆ గిన్నెల దగ్గరే పెట్టాడు. గంజి కోసం నిలబడ్డ పిల్లలంతా తమకు దొరకని తిండిని ఒక్కొక్కటే తలుచుకుంటూ పాడతారు. ఏడుపు పాట కాదది, హుషారు పాట. మేము దీన్ని 1968లో వచ్చిన సినిమా రూపంలో, పీజీ హాస్టల్ రూములో ఒకే ల్యాప్‌టాప్ చుట్టూ ఆరుగురం కూర్చుని చూశాం. పాట సగంలో ఉండగా మాలో ఒకడు "ఒరే, ఇది శనివారం రాత్రి మన మెస్సేరా" అన్నాడు. మరునాడు ఆదివారం కోడికూర తలుచుకుని మనం చేసే అల్లరి గుర్తొచ్చి అందరం నవ్వాం. ఆకలి గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఆకలిగా ఉన్న పిల్లలు జోకులు కూడా వేసుకుంటారని తెలిసి రాసేవాళ్లు తక్కువ.

ఆయనకు అది ఎలా తెలుసు? 1930లో పుట్టాడు. వాళ్లది దర్జీ కుటుంబం, తూర్పు యూరపు నుంచి వలస వచ్చిన యూదులు. ఇంటినిండా పిల్లలు, అందరిలోకీ చిన్నవాడు. అసలు ఇంటిపేరు బెగ్లైటర్, తర్వాత బార్ట్ అని మార్చుకున్నాడు. ఆర్ట్ స్కూల్లో స్కాలర్‌షిప్ దొరికినా అక్కడ నిలవలేదు. కొన్నాళ్లు స్క్రీన్ ప్రింటింగ్ పని చేశాడు. యూనిటీ థియేటర్ అని కార్మికుల నాటక బృందం ఒకటుండేది. పాటలు కట్టడం అక్కడే పట్టుబడింది. 1959లో క్లిఫ్ రిచర్డ్ అనే కుర్ర గాయకుడికి రాసిచ్చిన పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. మరుసటి ఏడు, 1960 జూన్ 30న, 'ఆలివర్!' నాటకం లండన్‌లో మొదలైంది. ఆ మొదటి ప్రదర్శన పరంపర 2,618 ఆటలు నడిచింది. 1963లో అమెరికా వెళ్లి బ్రాడ్‌వేలో 774 ఆటలు ఆడింది, దాని సంగీత సాహిత్యాలకు బార్ట్‌కు టోనీ అవార్డు వచ్చింది. సినిమాకు ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

ఇందులో మాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి వేరే ఉంది. ఈ మనిషికి స్వరలిపి చదవడం, రాయడం రాదు. కూనిరాగం తీసి వినిపించేవాడు, చదువుకున్న సంగీతజ్ఞుడు దాన్ని కాగితం మీద పెట్టేవాడు. మన అమ్మమ్మలు నాట్లు వేస్తూ కట్టిన పాటలకు మాత్రం స్వరాలు ఎవరు రాశారు?

ఇంకొక సంగతి. ఆ నవలలో ఫేగిన్ అనే దొంగల నాయకుడు ఉంటాడు. డికెన్స్ అతన్ని పేరుతో కంటే "ఆ యూదుడు" అనే ఎక్కువసార్లు పిలిచాడు. ఒక యూదు మహిళ ఉత్తరం రాసి అడిగాక, తర్వాతి ముద్రణలో కొంత తగ్గించాడు. నవలలో చివరికి ఫేగిన్‌కు ఉరి పడుతుంది. యూదు బిడ్డ అయిన బార్ట్ ఈ కథ జోలికే పోకుండా ఉండవచ్చు. ఆయన మాత్రం ఫేగిన్‌కు తన వాళ్ల పెళ్లిళ్లలో, గుళ్లలో వినిపించే రాగాల ఛాయలిచ్చి, నవ్వించే మనిషిని చేసి, ఉరి తప్పించాడు. మనల్ని తక్కువ చేసి చూపించిన కథను మనమే తీసుకుని తిరగరాయడమంటే ఇదీ అని మాకు అనిపించింది. కొందరు మిత్రులు దీన్ని ఒప్పుకోలేదు, దొంగను నవ్వించేవాడిగా చేస్తే మచ్చ పోతుందా అన్నారు. ఆ వాదన ఇంకా తెగలేదు.

మన దగ్గర 'హరిశ్చంద్ర' నాటకం ఉంది. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటిసీనులో వాడుకలోకి వచ్చి, జనం చేత "వన్స్‌మోర్" అనిపించుకున్న శ్మశానం పద్యాలు గుర్రం జాషువా గారివి. మా ఊళ్లో ముందు వరుసలో కుర్చీలు వేసుకుని ఆ పద్యాలకు ఈలలు వేసిన పెద్దమనుషుల్లో ఎంతమందికి అది తెలుసో! తెలిసి ఉంటే వేసేవాళ్లా అన్నది వేరే ప్రశ్న.

ఇక డబ్బు సంగతి. 'ఆలివర్!' తర్వాత బార్ట్ మరో రెండు నాటకాలు బాగానే ఆడించాడు. ఇంటికి ఎవరొచ్చినా విందే. 1965లో రాబిన్‌హుడ్ కథ మీద 'ట్వాంగ్!!' అనే నాటకం తీశాడు. అది మొదటి నుంచీ తప్పటడుగులే. స్నేహితులు వద్దంటున్నా సొంత డబ్బు పోశాడు, చాలక తన పాటల హక్కులు తెగనమ్మాడు. నాటకం 43 ఆటలకే ఆగిపోయింది. 'ఆలివర్!' హక్కులు మాక్స్ బైగ్రేవ్స్ అనే కళాకారుడికి 350 పౌండ్లకు ఇచ్చేశాడు. కొన్నాయన తర్వాత వాటిని రెండున్నర లక్షల పౌండ్లకు అమ్ముకున్నాడు. ఏడువందల రెట్లు! 1972లో బార్ట్ దివాలా తీశాడు. తాగుడులో ఏళ్లు గడిచిపోయాయి. తన పాటను ప్రపంచమంతా పాడుతుంటే తనకు మాత్రం పైసా లేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా "లేనివాడికి డబ్బొస్తే అంతే" అనేవాళ్లు ఎదురవుతారు. ఆ మాటను మేము ఒప్పుకోం. డబ్బున్న ఇంట్లో పుట్టినవాళ్ల నాటకాలూ పోతాయి, సినిమాలూ పోతాయి. అప్పుడు వాళ్ల పుట్టుకను ఎవరూ తప్పుపట్టరు. అలాగని బార్ట్‌ను అమాయకుడని కూడా మేము అనం, చెప్పినవాళ్లు ఉండగా వినలేదు మరి. మాకు తోచింది ఒకటి. ఇంట్లో మొదటిసారి డబ్బు చూసినవాడికి అది ఎప్పుడూ అలాగే వస్తుందనిపిస్తుంది. మొదటి స్కాలర్‌షిప్ పడిన రోజు చెల్లికి డ్రెస్సు, నాన్నకు చెప్పులు, దోస్తులందరికీ బిర్యానీ కొనేసి, మరుసటి నెల పరీక్ష ఫీజుకు అప్పు తిరిగినవాళ్లం మేము. బట్టలు పోతే పోయాయి, మళ్లీ కొనుక్కోవచ్చు. పాట హక్కు ఒకసారి సంతకం పెట్టి ఇచ్చేస్తే మళ్లీ కొనలేం.

1994లో 'ఆలివర్!' మళ్లీ లండన్‌లో పెద్ద ఎత్తున ఆడినప్పుడు నిర్మాత కామెరాన్ మాకింటోష్ ఆయనకు రాబడిలో కొంత వాటా ఇచ్చాడు. మంచి పనే. బార్ట్ 1999లో చనిపోయే ముందు కొన్నేళ్లయినా తెరిపిన పడ్డాడు. అయితే అది ఇచ్చినాయన మంచితనం, పుచ్చుకున్నాయన హక్కు కాదు. ఈ రెంటికీ తేడా ఏమిటో, మెస్ ఛార్జీలు పెంచమని కలెక్టరేట్ ముందు కూర్చున్న వాళ్లకు మేము చెప్పేదేముంది?

పాట ప్రజలది, దానికి హక్కులేమిటని అడిగే మిత్రులున్నారు. వాళ్లంటే మాకు గౌరవం. గద్దర్ గారి పాటలు, గూడ అంజయ్య గారి పాటలు ఎవరివో తెలియకముందే మేము గొంతెత్తి పాడుకున్నాం. జనం పాడుకోవడానికి ఇష్టపూర్వకంగా ఇవ్వడం వేరు. మనం ఉచితంగా ఇచ్చినదాన్ని మధ్యలో ఒకడు తన సరుకు చేసుకుని అమ్ముకోవడం వేరు. మా రూమ్మేటు ఒకడు పండగ పాట రాసి బాణీ కట్టాడు. ఒక జానపద పాటల యూట్యూబ్ ఛానెల్ వాళ్లు రెండు వేలు చేతిలో పెట్టి, ఇంగ్లీషులో ఉన్న కాగితం మీద సంతకం తీసుకున్నారు. లక్షలమంది చూశారు. వీడియో కింద కెమెరామన్ పేరుంది, డ్రోన్ పేరుంది, వీడి పేరు లేదు. ఆ కాగితం నకలు కూడా వాడి దగ్గర లేదు.

అందుకని చట్టంలో ఉన్న నాలుగు సంగతులు తమ్ముళ్లు, చెల్లెళ్లు తెలుసుకుని ఉండాలి. పాట రాసిన క్షణం నుంచే కాపీరైటు మనది, రిజిస్ట్రేషన్ చేయించకపోయినా సరే. మనం బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. హక్కు ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకనే లెక్క. అన్నిటికన్నా ముఖ్యమైనది 2012లో వచ్చిన సవరణ. రికార్డు చేసిన పాటకు, సినిమాలో చేరిన పాట సినిమాహాలు బయట వాడుకైతే దానికి, రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ రాయల్టీలో సమాన వాటా ఉంది. దాన్ని మన వారసులకో, రచయితల హక్కుల సంఘానికో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు, రాసిచ్చినా చెల్లదు. ఇదంతా చెబితే మా రూమ్మేటు చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు న్యాయ కళాశాలలో చదువుతున్న మన సీనియర్ అక్క ఒకరి సాయంతో ఛానెల్ వాళ్లకు ఉత్తరం పెట్టాడు. ఇంకా జవాబు రాలేదు. రెండో పాట మాత్రం రాశాడు, అది వాడి నోట్‌బుక్కులోనే ఉంది.

చివరగా సంపాదక వర్గానికి ఒక మనవి. మన వార్షికోత్సవంలో మొదట పాడే స్వాగత గీతం ఈ సంచికలో ప్రతి ఏడూ అచ్చవుతోంది, కింద ఎవరి పేరూ ఉండదు. తొంభైల్లో ఉన్న ఒక అన్న రాశాడని కొందరు, ఇద్దరు కలిసి కట్టారని కొందరు అంటారు. ఆ బ్యాచ్ అన్నలు ఎవరైనా ఇది చదివితే ఆఫీసు రూములో పేరు చెప్పి వెళ్లండి. వచ్చే సంచికలో పాట కింద వేద్దాం.